రాళ్లతో తోడు పెట్టిన సముద్రం

ధర్మపురి అనగానే మన పాఠకుల్లో చాలామందికి గోదావరి ఒడ్డున వెలసిన నరసింహస్వామి మెదులుతాడు. నేనుండేది ఆ ధర్మపురిలో కాదు, తమిళనాడు ధర్మపురిలో. పాతకాలపు పేరు తగడూరు. బస్సెక్కితే హొగేనకల్ చేరి కావేరి దూకుడు చూడొచ్చు గానీ, సముద్రం చూడాలంటే తూర్పుగా 200 కిలోమీటర్లు పోవాలి. అలాంటి ఊళ్లో మా ఇంట్లో ఆరేళ్లుగా ఓ గుక్కెడు సముద్రం ఉంది, చేపలూ పగడాలూ ఉన్న ఉప్పునీళ్ల తొట్టి. మొన్న సంక్రాంతి వెళ్లాక దాన్ని రెండున్నర అడుగుల తొట్టిలోంచి నాలుగడుగుల తొట్టిలోకి మార్చాం.

అడుగున మిగిలిన మురికి నీళ్లు నేను బయట పారబోస్తుంటే మా అమ్మ గడపలో నిలబడి అడిగింది: “ఏరా, నీళ్లు పారబోస్తా ఉండావే, తోడుకన్నా ఉంచుకోవా?”

ఇల్లు మారిన ప్రతిసారీ పెరుగు గిన్నెను ఒళ్లో పెట్టుకుని వచ్చిన మనిషి ఆమె. ప్రశ్న సరైనదే. అయితే ఇక్కడ తోడు నీళ్లలో ఉండదు, రాళ్లలో ఉంటుంది. ఈ విద్య అంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

చేప విసర్జించేది, తినగా మిగిలిన మేత కుళ్లేది, అంతా అమోనియా అవుతుంది. అది విషం, ఉప్పునీళ్ల క్షార గుణం వల్ల అక్కడ ఇంకా చేటు. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌ను చేపలు చాలావరకు ఓర్చుకుంటాయి. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ తిరిగేది తక్కువ. రాతి బొరియల్లో, ఇసుక రేణువుల మీద జిగురులా అంటుకుని బతుకుతాయి. కొత్త తొట్టిలో వాటంతట అవి కుదురుకోవాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత రాళ్లను తడి ఆరకుండా తరలిస్తే ఆ నిరీక్షణ దాదాపు తప్పుతుంది. ఎండలో ఆరబెట్టారో, కుళాయి కింద పెట్టి తోమారో, తోడు చచ్చినట్టే. చచ్చిన ప్రాణులే మళ్లీ అమోనియా అవుతాయి.

రాళ్ల మహిమ మొదట గట్టిగా చాటినవాడు జకార్తాలోని లీ చిన్ ఎంగ్. ఫిల్టర్ల ఆర్భాటం లేకుండా సజీవమైన రాళ్లు, కాస్త గాలిబుడగలు, వెలుతురుతోనే తొట్టి నడుస్తుందని 1961లో ఆయన రాశాడు. తరలింపు కథ అంతకంటే పాతది. 1846లో అన్నా థిన్ అనే ఆవిడ ఇంగ్లండ్‌లోని టార్కీ తీరం నుంచి కొన్ని రాతి పగడాలను లండన్ తీసుకెళ్లింది. దెబ్బ తగలకుండా వాటిని సూదీ దారంతో స్పాంజికి కుట్టింది. తెచ్చుకున్న నీళ్లు పాతబడుతుంటే తెరిచిన కిటికీ దగ్గర పనిమనిషి చేత ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి ధారగా పోయించేది. మా బస్టాండులో టీ మాస్టరు చెయ్యెత్తి టీ తిరగబోసినట్టన్నమాట. గాలి కలవడమే అందులో కిటుకు. మరుసటి ఏడు సముద్రపు మొక్కలు వేశాక ఆ పనిమనిషికి చాకిరీ తగ్గింది. పుస్తకాల్లో యజమానురాలి పేరు నిలిచింది గానీ, పంపు పని చేసింది మాత్రం పనిమనిషి చేతులు.

మద్రాసు మెరీనాలో 1909లో తెరిచిన అక్వేరియానికి సముద్రం గోడ అవతలే ఉండేది. మాకా భాగ్యం లేదు, నీళ్లు తయారు చేసుకోవాలి. ధర్మపురి బోరు నీళ్లంటే ఫ్లోరైడు. పళ్లు గారపట్టి, ఎముకలు వంగిన ఊళ్లు ఈ జిల్లాలో ఎన్నో. అందుకే హొగేనకల్ నుంచి కావేరి నీటి పథకం వచ్చింది, 2013లో ప్రారంభమైంది. తమాషా ఏమిటంటే సముద్రపు నీళ్లలోనూ లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు సహజంగానే ఉంటుంది. కాబట్టి తొట్టికి బోరు నీళ్లతో పేచీ ఫ్లోరైడు కాదు. నైట్రేట్లు, ఫాస్ఫేట్లు, సిలికేట్లు. వాటిని మేసి నాచు అల్లుకుపోతుంది. ఆర్వో దాటించి, ఆపైన రెజిన్ గొట్టంలోంచి కూడా పంపి, టీడీఎస్ మీటరు సున్నా చూపాకే ఉప్పు కలుపుతాం. వంటింటి ఉప్పు పనికిరాదు. కాల్షియం, మెగ్నీషియం అన్నీ ఉన్న ప్రత్యేకమైన ఉప్పు కావాలి. పాత తొట్టిలోంచి 150 లీటర్ల దాకా తేట నీళ్లు దొరికాయి. మిగతా 300 లీటర్లకు 11 కిలోల ఉప్పు పట్టింది. ముందురోజే కలిపి, రాత్రంతా పంపుతో తిప్పి, ఉప్పదనం వెయ్యికి 35 పాళ్లు, వేడి 26 డిగ్రీలు ఉండేలా పాతదానితో సరిచూశాం.

కొత్త తొట్టిని అంతకుముందే మంచినీళ్లతో నింపి ఒక రోజంతా ఉంచాం, కారుతుందేమోనని. నాలుగడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పూ ఎత్తూ అంటే 450 లీటర్లు. గాజు, రాళ్లు కలుపుకుంటే ఆరు క్వింటాళ్లు దాటుతుంది, అంటే 75 కిలోల వడ్ల బస్తాలు ఎనిమిది ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. మేడ మీద పెట్టాలనుకునేవాళ్లు తాపీమేస్త్రీ మాట కాదు, ఇంజినీరు మాట వినాలి.

అసలు రోజున వరస తప్పితే పని చెడుతుంది. మొదట తేట నీళ్లు పైపుతో తోడుకోవాలి, ఇసుక కదలకముందే. తర్వాత పగడాలు, ఆపైన రాళ్లు, చేపలు చివర. రాళ్లుండగా చేపల్ని పట్టబోతే అవి బొరియల్లో దూరతాయి, మన చేతులు పగడాల్ని విరుస్తాయి. రాళ్లు తీసి నీళ్లు జానెడికి దింపాక వల అక్కర్లేదు, చిన్న డబ్బాతోనే ముంచేయొచ్చు. ఒక్కోదానికి ఒక్కో బకెట్టు. చేపల మార్కెట్లో దొరికే థర్మోకోల్ పెట్టెలైతే వేడి నిలుస్తుంది. అన్నిట్లోనూ బ్యాటరీతో నడిచే గాలిపంపు పెట్టాలి, మా వీధి కరెంటును నమ్మలేం. పువ్వులా కనిపించే సముద్రజీవి ఎనిమోన్‌ను మాత్రం లాగకూడదు. పాదం చిరిగితే అది బతకడం కష్టం. అది కూర్చున్న రాయితోనే ఎత్తాలి. కొత్తచోట అది నచ్చిన మూల వెతుక్కుంటూ నడుస్తుంది, పంపు నోటికి జాలీ కట్టకపోతే అందులో పడి తునకలవుతుంది.

చేతికి తొడుగులు మరవకండి. బటన్లలా ఉండే జోయాంథిడ్లలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని వేడినీళ్లతో కడిగి, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలు ఆసుపత్రి పాలైన ఉదంతాలు విదేశాల్లో ఉన్నాయి.

ఇక ఇసుక. నాకు బుద్ధి వచ్చింది ఇక్కడే. నాలుగేళ్ల కిందట ఇల్లు మారినప్పుడు పాత ఇసుకంతా “బంగారం” అనుకుని యథాతథంగా కొత్త అడుగున పోశాను. తెల్లారేసరికి నీళ్లు పాలలా ఉన్నాయి, గదంతా కుళ్లిన గుడ్ల వాసన. రెండు క్లౌన్ చేపలు పోయాయి. ఇసుక లోతుల్లో గాలి సోకని చోట కుళ్లు పేరుకుని ఉంటుంది. కదిపితే ఏళ్ల మురికి ఒక్కసారిగా పైకొస్తుంది. ఈసారి కొత్త ఇసుక వేసి, పాతదాని పైపొరలోంచి ఒక గ్లాసుడు మాత్రం ఉప్పునీళ్లతోనే కడిగి కలిపాను. అమ్మ అడిగిన తోడు ఇంకాస్త అందులోనూ ఉందని చెప్పాను. తల ఊపింది.

మా రాళ్లు సముద్రంలోంచి పెరికినవి కావు, పోతపోసినవి. మన దేశంలో దిబ్బలు కట్టే గట్టి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులితో సమానంగా. మన తీరం నుంచి తెచ్చానని ఎవరైనా పగడపు రాయి అమ్మజూపితే కొనకండి. మాకున్నవి మెత్తటి లెదర్ పగడాలు, పుట్టగొడుగు పగడాలు, జోయాంథిడ్లు. క్లౌన్ చేపల్ని సముద్రంలో పట్టాల్సిన పనే లేదు. వాటిని తొట్లలోనే పుట్టించి పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. చెన్నై కొలత్తూరులోని చేపల అంగళ్లలో అడిగి మరీ పెంపకపు చేపల్నే తెచ్చుకోవచ్చు.

ఇంత తంటా ఎందుకని చుట్టాలు అడుగుతారు. ఈ పని చేసినవాడికి నీళ్ల మీద చూపు మారుతుంది. ఎవరో బంగాళాఖాతం వేడెక్కిందంటే, ఒక డిగ్రీ పెరిగితే మెత్తటి పగడం ఎలా ముడుచుకుపోతుందో కళ్లారా చూసినవాడికి ఆ వార్త పేపర్లో మిగిలిపోదు. నాకు అంతకు మించిన జవాబు లేదు.

మార్చాక వారం రోజులు మేత సగానికి తగ్గించాం, రోజూ అమోనియా పరీక్షించాం, ఒక సంచి యాక్టివేటెడ్ కార్బన్ వేశాం. కొత్త దీపం సగం వెలుగుతో మొదలుపెట్టి మూడు వారాల్లో పెంచాం. తొమ్మిదో రోజున పెద్ద లెదర్ పగడం పైపొర వదిలి విచ్చుకుంది. మీరు మార్చుకునేటప్పుడు పాత తొట్టిని నెల తిరిగేదాకా ఎవరికీ ఇచ్చెయ్యకండి. మాది ఇంకా మెట్ల కింద బోర్లించే ఉంది.