విడిచి వచ్చినవారి ప్రశ్నలు: మోర్మన్ విశ్వాసమును వీడినవారి రచనలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

పరిచయము

తెల్లచొక్కా, టై, జేబుపై నల్లని పేరుపలక, ఇద్దరిద్దరుగా నడిచే యౌవనస్థులు – మోర్మన్ సంఘమును గూర్చి మన విశ్వాసులలో అనేకులకు ఉన్న పరిచయము ఇంతవరకే. 'యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము' అనునది దాని అధికారిక నామము. భారతదేశములో ఆ సంఘము యొక్క మొదటి 'స్టేక్', అనగా మన డయోసిస్‌ను కొంతవరకు పోలిన విభాగము, 2012లో హైదరాబాదులోనే ఏర్పడినది. కాబట్టి ఇది మనకు దూరదేశపు సంగతి కాదు.

మన వేదాంత కళాశాలలలో ఈ సంఘమును సాధారణముగా 'దుర్బోధలు' అను పాఠ్యాంశము క్రింద బోధిస్తారు. త్రిత్వమును నిరాకరించుట, తండ్రియైన దేవునికి మాంసాస్థులు గల శరీరము కలదని చెప్పుట, మనుష్యుడు దైవత్వము వరకు ఎదుగగలడని బోధించుట – ఈ అంశములను ఖండించుటతో పాఠము ముగుస్తుంది. అది అవసరమే. అయితే ఆ సంఘములోనే పుట్టి పెరిగి, ప్రశ్నించి, వెలుపలికి వచ్చినవారు ఏమి వ్రాశారో చదివేవారు తక్కువ. చదివినవారు సైతము వాటిని అంబులపొదిగా వాడుకుంటారే గాని గ్రంథములుగా తూకము వేయరు. ఈ వ్యాసములో మేము అట్టి నాలుగు రచనలను పరిశీలిస్తున్నాము. అవి అడిగిన ప్రశ్న ఏమిటి? అడిగిన పద్ధతి న్యాయమైనదేనా? ఆ ప్రశ్నలు మన సంఘములను ఏమి అడుగుతున్నవి? ఈ మూడింటికి జవాబు వెదకుటే మా ఉద్దేశము.

1. సందేహము చరిత్ర రూపము ధరించుటకు కారణము

మోర్మన్ విశ్వాసము కొన్ని నిర్దిష్ట సంఘటనలపై నిలిచియున్నది. 1820లో న్యూయార్క్ రాష్ట్రములోని ఒక తోపులో బాలుడైన జోసెఫ్ స్మిత్‌కు దర్శనము కలిగినదనియు, 1827లో బంగారు పలకలు అతనికి అప్పగింపబడినవనియు, వాటి అనువాదమే 1830లో వెలువడిన మోర్మన్ గ్రంథమనియు ఆ సంఘము చెబుతుంది. ఈ సంఘటనలు జరిగియుండనిచో మిగిలిన కట్టడమునకు పునాది లేదు. కనుక అక్కడ సందేహము తత్త్వవిచారముగా గాక దస్తావేజుల వెదకులాటగా మొదలవుతుంది.

రెండవది, సత్యమును పరీక్షించుటకు ఆ సంఘము చూపే మార్గము ప్రార్థన ద్వారా కలిగే అంతరంగ సాక్ష్యము. మోర్మన్ గ్రంథము చివరన మొరోనై గ్రంథము 10వ అధ్యాయములోని వాగ్దానము దీనికి ఆధారము. కాబట్టి ప్రశ్నించు విశ్వాసి రెండు సాక్ష్యముల నడుమ నలుగుతాడు. హృదయములో అనుభవించినది ఒకటి చెబుతుంది. కాగితముపై ఉన్నది మరియొకటి చెబుతుంది. ఈ రచనలన్నిటిలోను వినబడే వేదన ఇదే.

ఈ నలుగుబాటు విడిచినవారికి మాత్రమే కలిగినది కాదు. ఆ సంఘపు ఉన్నత నాయకులలో ఒకరైన బి. హెచ్. రాబర్ట్స్, ఒక యువకుడు పంపిన ప్రశ్నలకు జవాబు వెదకుతూ 1922లో సుదీర్ఘమైన అధ్యయనము వ్రాశాడు. ప్రాచీన అమెరికాలో గుర్రములు, ఉక్కు ఉండెనా? మోర్మన్ గ్రంథమునకు కొన్ని సంవత్సరముల ముందు, 1823లో ఈథన్ స్మిత్ అను పాదిరి ప్రచురించిన 'వ్యూ ఆఫ్ ది హీబ్రూస్' గ్రంథముతో ఇన్ని పోలికలు ఎందుకున్నవి? రాబర్ట్స్ ఈ ప్రశ్నలను దాటవేయలేదు. ఆయన 1933లో సంఘ విశ్వాసిగానే మరణించాడు. అతని అధ్యయనము మాత్రము 1985 వరకు అచ్చుకు నోచుకోలేదు. జవాబు చెప్పవలసినవారు మౌనము వహించగా, ఆ ప్రశ్నలు వెలుపలివారి చేతికి చిక్కినవి.

2. ఫాన్ బ్రోడీ: చరిత్రకారిణి బలము, బలహీనత

ఉటా రాష్ట్రములో మోర్మన్ కుటుంబములో 1915లో జన్మించిన ఫాన్ బ్రోడీ, తరువాత సంఘాధ్యక్షుడైన డేవిడ్ ఓ. మెకేకు స్వయాన అన్నదమ్ముల బిడ్డ. 1945లో ఆమె ప్రచురించిన జోసెఫ్ స్మిత్ జీవితచరిత్ర 'నో మ్యాన్ నోస్ మై హిస్టరీ'. మరుసటి సంవత్సరమే సంఘము ఆమెను బహిష్కరించింది.

అప్పటివరకు జోసెఫ్ స్మిత్‌ను గూర్చి రెండే మాటలు వినబడేవి. మిత్రులు పరిశుద్ధుడన్నారు, శత్రువులు వంచకుడన్నారు. బ్రోడీ ఈ రెంటినీ విడిచి, ఊహాశక్తి మెండుగా గల ఒక మనుష్యుడు క్రమేణ తన ప్రవక్త పాత్రను తానే నమ్ముకొనిన తీరును చూపించింది. ఇది ఆమె గొప్పతనము. అయితే దస్తావేజు ఆగిపోయిన చోట ఆమె ఆగదు. చనిపోయిన మనుష్యుని మనస్సులోనికి ప్రవేశించి అతడు ఏమి తలంచెనో చెబుతుంది. దర్శనము అసాధ్యమని ముందుగా నిశ్చయించుకొనిన రచయితకు మిగిలే మార్గము మనస్తత్త్వ వివరణ ఒక్కటే. ఇదే కొలమానమును రేపు దమస్కు మార్గములోని పౌలుకు అన్వయించినచో మనము ఒప్పుకుంటామా? ఆమె సేకరించిన ఆధారములను స్వీకరించి, ఆమె పూర్వభావనను వేరుగా పరీక్షించుట విద్యార్థి నేర్వవలసిన క్రమము.

3. టానర్ దంపతులు: మూలపత్రముల సేవ

జెరాల్డ్, సాండ్రా టానర్ 1960 ప్రాంతములో మోర్మన్ సంఘమును విడిచి సువార్తిక క్రైస్తవులైనారు. సాండ్రా, బ్రిగమ్ యంగ్ వంశమున ఐదవ తరము స్త్రీ. 'మోర్మనిజమ్: షాడో ఆర్ రియాలిటీ?' అను వారి బృహద్గ్రంథములో పెద్ద అక్షరములు, క్రిందిగీతలు ఎక్కువ. సందర్భ వివరణ తక్కువ. సాహిత్యముగా దానిని చదువుట కష్టమే. అయినను సామాన్యులకు అందని పాత పత్రికలను, దస్తావేజులను ఉన్నవి ఉన్నట్లుగా పునర్ముద్రించి అందుబాటులోనికి తెచ్చినవారు వీరే. మొదటి దర్శనమును గూర్చి జోసెఫ్ స్మిత్ 1832లో వ్రాసిన వృత్తాంతములో ప్రభువు ఒక్కడే కనబడినట్లున్నది. 1838 నాటి అధికారిక వృత్తాంతములో తండ్రి, కుమారుడు ఇద్దరున్నారు. ఈ మొదటి వృత్తాంతము 1960వ దశకము వరకు వెలుగు చూడలేదు.

వీరి నిజాయితీని తెలిపే సంఘటన ఒకటి మన విద్యార్థులందరు తెలిసికొనదగినది. 1984లో మార్క్ హాఫ్మన్ అను పత్రముల వ్యాపారి ద్వారా ఒక లేఖ బయటపడినది. దేవదూత స్థానములో ఒక తెల్లని బల్లివంటి ప్రాణి జోసెఫ్ స్మిత్‌కు కనబడినట్లు అందులో ఉన్నది. విమర్శకులకు ఇంతకంటె అనుకూలమైన ఆధారము ఉండదు. అయినను జెరాల్డ్ టానర్ అదే సంవత్సరము ఆ లేఖపై బహిరంగముగా అనుమానము వ్యక్తపరచాడు. 1985లో హాఫ్మన్ తన మోసమును కప్పిపుచ్చుకొనుటకు బాంబులతో ఇద్దరిని చంపాడు. ఆ లేఖ కూటసృష్టియని తేలినది. తన పక్షమునకు లాభించే అబద్ధమును తానే అనుమానించినవాడే నమ్మదగిన విమర్శకుడు. దేవుని పక్షమున మీరు అబద్ధమాడుదురా అని యోబు తన స్నేహితులను అడిగిన ప్రశ్న (యోబు 13:7) ఇక్కడ జ్ఞప్తికి వస్తుంది.

4. గ్రాంట్ పామర్: ఇంటివాని విమర్శ

గ్రాంట్ పామర్ మూడు దశాబ్దములకు పైగా ఆ సంఘ విద్యావ్యవస్థలో బోధకుడు. పదవీ విరమణ తరువాత 2002లో 'యాన్ ఇన్‌సైడర్స్ వ్యూ ఆఫ్ మోర్మన్ ఆరిజిన్స్' ప్రచురించాడు. 2004లో క్రమశిక్షణకు గురియై, 2010లో సభ్యత్వము వదులుకున్నాడు. ఇతని గ్రంథములో కోపము లేదు. వృత్తాంతములు కాలక్రమమున ఎట్లు మారినవో ఒక ఉపాధ్యాయుని ఓర్పుతో వివరిస్తాడు. మొరోనై దూత వృత్తాంతమునకు ఒక జర్మన్ కథతో పోలిక చూపిన అధ్యాయము మాత్రము బలహీనమైనది. రెండు కథలు పోలియున్నంత మాత్రమున ఒకటి మరొకదానికి మూలమని చెప్పలేము. మొదటి కథ రెండవ రచయితకు చేరిన దారి చూపవలెను. అయితే గ్రంథము ముగింపులో అతడు తన సంఘమును విడువుమని పిలువలేదు; యేసుక్రీస్తును మరింతగా కేంద్రముగా చేసికొమ్మని కోరాడు. ఈ నాలుగింటిలో మన విద్యార్థులకు మేము మొదట సిఫారసు చేసేది ఈ గ్రంథమునే.

5. జెరెమీ రన్నెల్స్: జాబితా యొక్క శక్తి

2013లో జెరెమీ రన్నెల్స్ సంఘ విద్యావ్యవస్థలోని ఒక అధికారికి తన ప్రశ్నలను లేఖగా వ్రాశాడు. 'సి.ఇ.ఎస్. లెటర్' అను పేరుతో అది ఇంటర్నెట్ ద్వారా వేలకొలది కుటుంబములకు చేరినది. ఇందులోని ప్రశ్నలు చాలవరకు బ్రోడీ, టానర్లు, పామర్ అడిగినవే. క్రొత్తదనము కూర్పులో ఉన్నది. ప్రశ్న వెంట ప్రశ్న వచ్చిపడుటచేత చదువరికి ఊపిరి సలపదు. దీనిని మేము బలహీనతగానే ఎంచుతున్నాము. బలమైన ఆధారము, బలహీనమైన పోలిక ఒకే వరుసలో నిలబడినప్పుడు వివేచన మొద్దుబారుతుంది.

అబ్రాహాము గ్రంథమును గూర్చిన ప్రశ్న మాత్రము జాబితాలో దాగేది కాదు. 1835లో కొనిన ఐగుప్తు పాపిరస్ చుట్టల నుండి దానిని అనువదించితినని జోసెఫ్ స్మిత్ చెప్పాడు. ఆ చుట్టల తునకలు కొన్ని 1967లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియమ్ నుండి సంఘమునకు చేరినవి. వాటిని చదివిన పండితులు, మోర్మన్ పండితులతో సహా, అవి మృతులతో పాతిపెట్టే సామాన్యమైన ఐగుప్తు పాఠములని గుర్తించారు. 2014లో సంఘమే తన వ్యాసములో దీనిని ఒప్పుకొని, 'అనువాదము' అను మాటకు వేరు అర్థములు ప్రతిపాదించింది.

2013 చివరి నుండి సంఘము ఇట్టి వ్యాసములను వరుసగా వెలువరించింది. జోసెఫ్ స్మిత్ ముప్పది నుండి నలుబది మంది వరకు స్త్రీలను వివాహమాడియుండవచ్చుననియు, వారిలో అప్పటికే భర్తలు గలవారు, పదునైదేండ్లు నిండని బాలిక కూడ ఉన్నారనియు 2014లో అంగీకరించింది. ఇది ప్రశంసింపదగిన చర్యయే. కాని అనేకులకు ఆలస్యముగా వచ్చినది. స్వీడన్‌లో ప్రాంతీయ నాయకుడైన హాన్స్ మాట్సన్ తన సందేహములను 2013లో పత్రికాముఖముగా తెలిపినప్పుడు లోకము విన్నది ఇదే: వారిని గాయపరచినది తెలిసిన సంగతి కంటె, ఇన్నాళ్ళు తెలియనివ్వలేదన్న సంగతి.

6. విడుచుటకు చెల్లించే వెల

ఆ సంఘ బోధ ప్రకారము దేవాలయములో 'ముద్రింపబడిన' కుటుంబము మరణానంతరము కూడ ఒకటిగా ఉంటుంది. కాబట్టి ఒక కుమారుడు విడిచిపోతే తల్లికి అది నిత్యత్వములో ఖాళీ అయిన కుర్చీ. అర్హతాపత్రము లేనివారు దేవాలయములోనికి ప్రవేశింపలేరు గనుక, సంఘమును వీడిన తండ్రి తన కుమార్తె దేవాలయ వివాహమును కన్నులార చూడలేడు. వాదములో గెలిచినవారు ఇంటిలో ఒంటరులగుట ఇందుచేతనే. ఈ వెలను గ్రహింపని ఖండన గ్రంథము సగము సత్యమే చెబుతుంది.

తెలుగువారి విషయములో ఈ వెల మరొక రూపము దాల్చుతుంది. సమోవా దీవులలో మోర్మన్ విశ్వాసము స్వీకరించిన ఒక తెలుగు కుటుంబము 1978 చివర హైదరాబాదుకు వచ్చి తమ బంధువులకు దానిని ప్రకటించుటతో ఇక్కడ ఆ సంఘము వేళ్ళూనినది. అది బాప్టిస్టు నేపథ్యము గల కుటుంబము. అనగా ఇక్కడ చేరినవారిలో కొందరు తాతముత్తాతల సంఘమును ఒకసారి విడిచినవారే. వారు గాని వారి పిల్లలు గాని మోర్మన్ సంఘమును వీడితే అది రెండవ వీడుట. తిరిగి వచ్చే వాకిట ఎవరు నిలిచియుంటారు?

7. మనకు వచ్చే ప్రశ్నలు

మొదటిది, విడిచి వచ్చినవారందరు మన యొద్దకు రారు. అనేకులు ఏ సంఘములోను చేరరు. ఒకే నిజమైన సంఘము, లేనిచో ఏదియు లేదు అని నేర్చినవారు, మొదటిది కూలినప్పుడు రెండవదానిని పట్టుకుంటారు. అదియును గాక, జోసెఫ్ స్మిత్‌ను తూచిన త్రాసుతోనే వారు మోషేను, పౌలును తూచుతారు. మనము ఆ త్రాసును ఒకచోట మెచ్చుకొని మరొకచోట దాచలేము. వేరువేరు తూనికరాళ్ళు యెహోవాకు హేయములు (సామెతలు 20:10). పునరుత్థానమునకు గల సాక్ష్యమును అదే త్రాసులో ఉంచి మాట్లాడే సిద్ధపాటు మన విద్యార్థులకు కావలెను.

రెండవది, 1978 వరకు ఆ సంఘము నల్లజాతి పురుషులకు యాజకత్వమును నిరాకరించింది. దానికి పూర్వము చెప్పిన వేదాంత కారణములను 2013లో త్రోసిపుచ్చింది. దీనిని వ్రేలెత్తి చూపే ముందు, కులమును బట్టి కాపరులను, కూడికలను, వియ్యములను ఏర్పరచుకొనే మన సంఘముల సంగతి ఏమిటి? దానికి మనము వేదాంత కారణము చెప్పము గాని, ఆచరణ మానము. దర్శనములు, స్వస్థతలు పరీక్ష లేకుండ వేదికలెక్కే మన సభల సంగతి ఏమిటి? బెరయవారి వలె (అ.కా. 17:11) పరిశోధించుట ఇతరుల గ్రంథములకే పరిమితము కారాదు.

మూడవది బాప్తిస్మము. యునైటెడ్ మెథడిస్టు సంఘము 2000లోను, రోమన్ కాథలిక్ సంఘము 2001లోను మోర్మన్ బాప్తిస్మమును క్రైస్తవ బాప్తిస్మముగా గుర్తింపలేమని తీర్మానించినవి. మాటలు ఒకటే అయినను, తండ్రి కుమార పరిశుద్ధాత్మలను గూర్చిన అర్థము వేరన్నదే కారణము. మేమును ఈ నిర్ణయముతో ఏకీభవిస్తున్నాము. అయితే దీనిని అవమానముగా గాక, త్రిత్వబోధతో కూడిన ఓపికగల సిద్ధపాటుగా అమలుచేయవలెను.

ముగింపు

ఈ నాలుగు రచనలలో ఏదియు లోపరహితము కాదు. బ్రోడీ ఊహ ఆధారమును మించిపోయినది, టానర్ల కలము గట్టిగా అరచినది, పామర్ ఒక పోలికను అతిగా నమ్మాడు, రన్నెల్స్ లెక్కను తూకమనుకున్నాడు. అయినను వీరందరు అడిగినది ఒక్కటే: నిజము చెప్పుటకు దేవుని సంఘము ఎందుకు భయపడవలెను? ఇది మోర్మన్ సంఘమునకు మాత్రమే వేసిన ప్రశ్న కాదు.

విడిచి వచ్చినవారిని మన సభావేదికలపై విజయచిహ్నములుగా నిలువబెట్టి, వారి తల్లిదండ్రుల విశ్వాసమును పరిహసింపజేయుట తగదు. సందేహపడువారి మీద కనికరము చూపుమని యూదా పత్రిక (22వ వచనము) ఆజ్ఞాపిస్తున్నది. రెండు సంఘముల నడుమ నిలిచిన మనుష్యునికి మొదట కావలసినది తన ప్రశ్నను పూర్తిగా వినే కాపరి. అట్టి కాపరులను తయారు చేయుట మన సెమినరీల బాధ్యత. 'దుర్బోధలు' పాఠ్యాంశములో ఖండన గ్రంథముల ప్రక్కన ఈ రచనలకును చోటు కల్పింపవలెనని మేము ప్రతిపాదిస్తున్నాము.