సింగానల్లూరు నుంచి సింగపూరు దాకా

1970లలో ఇంగ్లండు, అమెరికా రాక్ బ్యాండ్లకు ఒక మోజు పట్టుకుంది. ఒక రికార్డులో పట్టనన్ని పాటలు చేసి, రెండు రికార్డుల్ని ఒకే అట్టలో పెట్టి అమ్మడం. రోలింగ్ స్టోన్స్ ‘ఎక్సైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్’ (1972) అలా వచ్చిందే, పింక్ ఫ్లాయిడ్ ‘ద వాల్’ (1979) అలా వచ్చిందే. అదే దశాబ్దం చివర మన దగ్గర బ్యాండు పాటలంటే కుర్రకారు పాడుకున్నవి ఒక సినిమాలోవి. కె. బాలచందర్ తీసిన ‘అందమైన అనుభవం’ (1979). కమల్ హాసన్ బ్యాండులో పాటగాడు, కథ నడిచేది సింగపూరులో, సంగీతం ఎం.ఎస్. విశ్వనాథన్, తెలుగు పాటలు ఆత్రేయ. తమిళంలో అదే ‘నినైత్తాలే ఇనిక్కుం’. వాళ్ళది రెండు రికార్డుల ఆల్బమైతే మనది రెండు భాషల ఆల్బం. రెండోదే కష్టమైన పని అని నా అభిప్రాయం. ఆ పనికి ఓనమాలు దిద్దించిన బడి మా మేట్టుపాళయానికి ముప్ఫై అయిదు కిలోమీటర్ల దూరంలో, కోయంబత్తూరులో ఉండేది. ఈ సంగతి మద్రాసు చరిత్రలు రాసేవాళ్ళు ఒక వాక్యంలో దాటేస్తుంటారు.

కోయంబత్తూరంటే మరమగ్గాలూ పంపుసెట్లూ అనుకుంటారు గాని, సినిమా ఇక్కడికి తొందరగానే వచ్చింది. స్వామికణ్ణు విన్సెంట్ 1914లోనే వెరైటీ హాలు కట్టాడు. 1930లలో మిల్లుల యజమాని బి. రంగస్వామి నాయుడు, ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు తదితరులు కలిసి సింగానల్లూరు వైపు సెంట్రల్ స్టూడియో పెట్టారు. శ్రీరాములు నాయుడు తర్వాత సొంతంగా పక్షిరాజా స్టూడియో పెట్టుకున్నాడు. విజయనగర కాలం నుంచీ ఈ సీమకు వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం మాట్లాడుతూ తరాలు గడిపారు. నాయుళ్ళే కాదు, ఇక్కడి అరుంధతీయుల ఇళ్ళలోనూ తెలుగే. ఒకే మాటను రెండు నాలుకల మీద తిప్పడం మాకు చదువుకుంటే వచ్చిన విద్య కాదు.

సెంట్రల్ స్టూడియోలో నటగాయకుడు త్యాగరాజ భాగవతార్ ‘శివకవి’ (1943), ‘హరిదాస్’ (1944) తయారయ్యాయి. తర్వాత జూపిటర్ పిక్చర్స్ వాళ్ళు అక్కడే మకాం పెట్టి ‘రాజకుమారి’ (1947), ‘అభిమన్యు’ (1948), ‘వేలైక్కారి’ (1949) తీశారు. ఈ జూపిటర్ చిత్రాల హార్మోనియం వెనక ఉన్న మనిషి ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడు. 1914లో కడయనల్లూరులో పుట్టి, నాటక కంపెనీల్లో నలిగి వచ్చినవాడు. ఆ రోజుల్లో స్టూడియో అంటే ఫ్యాక్టరీ లెక్క. వాద్యగాళ్ళకు నెల జీతం. పొద్దున వచ్చి కూర్చోవాలి, పాట ఉన్నా లేకపోయినా. పాట లేని రోజు రిహార్సల్.

ఈ రిహార్సల్ ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే అప్పటి రికార్డింగు ఎలా జరిగేదో చూడాలి. శబ్దం నేరుగా ఫిల్ము మీదకే ఎక్కేది. మైకు పట్టిన ధ్వనిని బట్టి ఒక వెలుగు సన్నబడుతూ లావవుతూ ఫిల్ము అంచున గీతలా పడుతుంది. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. నాలుగు నిమిషాల పాటకు 360 అడుగులు. లాబ్‌లో కడిగితే గాని ఏం పడిందో వినడానికి లేదు. మూడో నిమిషంలో తబలా వాయించే ఆయన ఒక దెబ్బ ముందు వేస్తే ఫిల్ము వృథా, మళ్ళీ మొదటి నుంచి. కోసి అతికించడం తేలిక కాదు, ఒకరిని ఆపి ఇంకొకరిది విడిగా తీసే వీల్లేదు.

మరి ఎవరి గొంతు పైకి రావాలి, ఎవరి వాద్యం వెనక ఉండాలి అన్నది ఎలా? దూరంతో. గాయకుడు మైకుకు జానెడు దూరంలో. వయొలిన్లు వెనక వరసలో. తబలా పక్కకు, కిందికి. వేణువు వాయించేవాడు తన ముక్క వచ్చినప్పుడు చప్పుడు కాకుండా నాలుగడుగులు ముందుకొచ్చి, వాయించి, వెనక్కి తగ్గేవాడు. ఇప్పుడు మిక్సింగ్ బోర్డు మీద వేలితో జరిపే పనిని అప్పుడు మనుషులు కాళ్ళతో చేశారు. గదిలో ఎవరు ఎక్కడ నిలబడాలో రికార్డిస్టు సుద్దముక్కతో గీత గీస్తే అదే ఆ పాట మిక్సింగు. ఆ రోజుల పాటల్లో గాయకుడి గొంతు మన చెవి పక్కనే ఉన్నట్టూ, వాద్యాలు వరండాలో ఉన్నట్టూ వినిపించడానికి కారణం ఇదే.

దీనితో పోల్చి చూడండి. 1971 వేసవిలో రోలింగ్ స్టోన్స్ ఫ్రాన్సు దక్షిణ తీరాన నెల్‌కోట్ అనే భవంతిలో చేరారు. కింద నేలమాళిగలో వాయించడం, బయట లారీలో అమర్చిన 16 ట్రాకుల యంత్రం మీద ఆండీ జాన్స్ రికార్డు చేయడం. ఉక్కకు గిటార్ల శ్రుతి నిలిచేది కాదట. అయినా పర్వాలేదు, టేపు తిరుగుతూ ఉంటుంది, పనికొచ్చింది ఏరుకోవచ్చు. మిగతా గొంతులు, వాద్యాలు తర్వాత లాస్ ఏంజలెస్‌లో అతికించారు. నికీ హాప్కిన్స్ పియానో, బాబీ కీస్ శాక్సఫోన్ లేకపోతే ఆ ఆల్బం అంత బరువుగా ఉండేది కాదు గాని, అట్ట మీద పేరు మాత్రం బ్యాండుదే. ఈ ఒక్క విషయంలో మాత్రం సింగానల్లూరుకీ నెల్‌కోట్‌కీ తేడా లేదు. వాయించిన వాళ్ళ పేర్లు అక్కడా చిన్నక్షరాలే, ఇక్కడైతే అవీ లేవు.

రెండు భాషల సంగతికి వస్తాను. పక్షిరాజా వారి ‘మలైక్కళ్ళన్’ 1954లో వచ్చింది. ఎం.జి.ఆర్., భానుమతి. అదే ఏడు తెలుగులో ఎన్.టి.ఆర్., భానుమతితో ‘అగ్గిరాముడు’. తర్వాత హిందీ, మలయాళం, కన్నడం, సింహళం, మొత్తం ఆరు భాషలు. హిందీ ‘ఆజాద్’ (1955) పాటలు నెల రోజుల్లో కావాలని శ్రీరాములు నాయుడు అడిగితే నౌషాద్ కాదన్నాడని, సి. రామచంద్ర సై అన్నాడని ఒక ప్రసిద్ధమైన కథ ఉంది. మిల్లు నడిపినట్టు సినిమా నడిపిన ఊరు మరి, నౌషాద్‌కు నచ్చకపోవడంలో వింతేముంది. ‘అగ్గిరాముడు’లో మాత్రం మక్కీకి మక్కీ దించకుండా నాజరు చేత అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పించారు. తమిళంలో లేని గుమ్మెట దెబ్బ అది. కథ ఒకటే అయినా ఆంధ్రా ప్రేక్షకుడి కోసం వేరే చోటు ఉంచాలని తెలిసినవాళ్ళ పని.

బాణీ ఒకటై భాష మారితే ఎక్కడ ఇబ్బంది వస్తుంది? పాదం చివర. తెలుగు మాట అచ్చుతో ఆగుతుంది. పాడేవాళ్ళు ఆ అచ్చును పట్టుకుని ఎంతసేపైనా లాగవచ్చు, గమకం వేయవచ్చు. తమిళంలో చాలా మాటలు హల్లుతో మూసుకుంటాయి. ‘ల్’ దగ్గరో ‘న్’ దగ్గరో నాలుక అంగిట్లో అతుక్కుంటుంది, స్వరం అక్కడ తెగుతుంది. అందుకని తమిళ పాదంలో లాగుడు చివరి అక్షరానికి ముందే అయిపోవాలి. తెలుగులో అదే లాగుడును చివరకు జరపవచ్చు. మంచి సంగీత దర్శకుడు రెండో భాషకు వచ్చేసరికి ఒకటి రెండు స్వరాలు సర్దుతాడు. వినేవాడికి తెలియదు, పాడేవాడికి ఊపిరి ఆడుతుంది.

సుబ్బయ్య నాయుడి పనితనానికి పరాకాష్ఠ మద్రాసులో జరిగింది. ‘కొంజుం సలంగై’ (1962), తెలుగులో ‘మురిపించే మువ్వలు’. మన వాళ్ళందరికీ తెలిసిన ‘నీ లీల పాడెద దేవా’ అందులోదే. ఆభేరి రాగం, ఒక వైపు ఎస్. జానకి గొంతు, మరో వైపు కారుకురిచ్చి అరుణాచలం నాగస్వరం. నాగస్వరం గుడి వీధిలో ఊరేగింపు కోసం పుట్టిన వాద్యం. ఒక గదిలో, ఒక మైకు ముందు, ఆడగొంతు పక్కన పెడితే ఎంత దూరం జరిపినా గొంతును మింగేస్తుంది. దూరంతో చేసే మిక్సింగు చేతులెత్తేసిన చోటు ఇది. అందుకే గొంతునూ నాగస్వరాన్నీ విడివిడిగా రికార్డు చేసి కలిపారని చెబుతారు. విడిగా తీసినా స్వరాల దగ్గర ఆ ఇద్దరి పోటీ చూడండి. ఒకరు వదిలిన అంచును ఇంకొకరు అందుకుంటారు. రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టిన జానకి చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నది నాగస్వర విద్వాంసుడు పైడిస్వామి దగ్గర. ఆ గొంతుకు నాగస్వరం నడక కొత్త కాదు.

ఈ సుబ్బయ్య నాయుడి దగ్గరే ఎమ్మెస్వీ, అంటే ‘అందమైన అనుభవం’ విశ్వనాథన్, పెరిగాడు. పాలక్కాడు కుర్రాడు, జూపిటర్ వాళ్ళ దగ్గర కాఫీలు అందించే పని. ‘అభిమన్యు’లో ఒక పాటకు బాణీ అతనిదేనని, కంపెనీ కోయంబత్తూరు వదిలి మద్రాసుకు మూట కట్టుకునేటప్పుడు నాయుడే ఆ గుట్టు విప్పి కుర్రాణ్ణి మద్రాసు తీసుకెళ్ళమన్నాడని చెబుతారు. మదురై నుంచి వచ్చిన టి.ఎం. సౌందరరాజన్‌కు ‘కృష్ణవిజయం’ (1950)లో మొదటి పాట ఇచ్చిందీ నాయుడే. నాయుడి చివరి రోజుల్లో ఆయన్ని ఎమ్మెస్వీయే తన ఇంట ఉంచుకుని చూసుకున్నాడు. ‘అందమైన అనుభవం’ వచ్చిన 1979లోనే సుబ్బయ్య నాయుడు పోయాడు.

మద్రాసులో ఆ బడి ఎలా కొనసాగిందో కళ్ళారా చూడాలంటే ‘సర్వర్ సుందరం’ (1964)లో రికార్డింగు పాట చూస్తే చాలు. ఎమ్మెస్వీ చేతులూపుతుంటాడు, సౌందరరాజన్ మైకు ముందు పాడుతుంటాడు, చుట్టూ ఆర్కెస్ట్రా మొత్తం ఒకేసారి వాయిస్తుంటుంది. నటన కోసం తీసిందే అయినా అమరిక మాత్రం నిజం. ఆ బృందంలో ఫిలిప్స్ గిటారు, మంగళమూర్తి అకార్డియన్, నోయెల్ గ్రాంట్ డ్రమ్స్, నోటితో పక్షుల్నీ జంతువుల్నీ పలికించే సదన్. ‘అంతులేని కథ’ (1976)లో మిమిక్రీ పాట గుర్తుందా? తమిళంలో 1974లో కట్టిన ఆ బాణీలో గొంతులూ కూతలూ తాళంలో పడటం చూస్తే, తప్పు చేస్తే మొదటికొస్తుందన్న పాత భయం ఆ బృందం ఒంట్లో ఇంకా ఉందనిపిస్తుంది.

ఆ భయంతోనే ‘అందమైన అనుభవం’ కూడా చేశారు. అప్పటికి మాగ్నెటిక్ టేపు వచ్చి చాలా కాలమైంది, మైకులు పెరిగాయి. ఎలక్ట్రిక్ గిటారుకు సొంత స్పీకరు ఉంటుంది, కాబట్టి దూరం జరిపినంత మాత్రాన లొంగదు. అయినా మద్రాసు థియేటర్లలో గాయకులూ వాద్యగాళ్ళూ చాలావరకు ఒకేసారి కూడి చేసే పద్ధతే నడుస్తోంది. అందుకే ఆ పాటల్లో డ్రమ్ము, గిటారు, గాయకుడు బాలసుబ్రహ్మణ్యం నవ్వు ఒకే గాలిలో ఉన్నట్టుంటాయి. ‘ద వాల్’ వినండి, ఒక్కో శబ్దం అద్దంలా వేరుగా మెరుస్తుంది. సెషన్ గిటారిస్టు లీ రిటెనోర్ ఒక చోట, ఇస్లింగ్టన్ బడి పిల్లల కోరస్ ఇంకో చోట, మైకేల్ కేమెన్ ఆర్కెస్ట్రా మరో చోట, అన్నీ వేర్వేరు రోజుల్లో. నాకు రెండూ ఇష్టమే. కాని పింక్ ఫ్లాయిడ్ వాళ్ళను అదే పాట మర్నాడు ఇంకో భాషలో, అంతే ఊపుతో మళ్ళీ పాడమంటే ఏం చేసేవాళ్ళో!

బాలుకు తెలుగు తల్లిభాష, తమిళం నేర్చుకున్న భాష. ‘అందమైన అనుభవం’ పాటల్ని రెండు భాషల్లోనూ పక్కపక్కన పెట్టి విన్నవాళ్ళకు పాదాల చివర తేడా దొరుకుతుంది. ఆత్రేయ అచ్చులు వదిలిన చోట బాలు కాస్త సాగదీసి ఆడుకుంటాడు.

ఇప్పుడు ఒక సినిమా అయిదు భాషల్లో ఒకే రోజు విడుదలవుతోంది. బాణీ ముందే కంప్యూటర్లో గట్టిపడి ఉంటుంది, గాయకుడు ఒంటరిగా వచ్చి గాజుగదిలో పాడి వెళ్ళిపోతాడు. పాదం చివర మాట ఇరుక్కుంటే స్వరం జరగదు, మాటే నలిగిపోవాలి. డబ్బింగు పాటల్లో తెలుగు ఎందుకలా ఎగుడుదిగుడుగా ఉంటుందని అడుగుతుంటారు. హార్మోనియం ముందు కూర్చున్న మనిషి రాసేవాణ్ణి ‘ఏమంటావు, ఇక్కడ ఒక స్వరం తగ్గించనా?’ అని అడగడం ఆ పద్ధతిలో లేదు.