పక్క తడిపే పిల్లాడికి పగటి వైద్యం

డాబా మీద బొంత ఆరేస్తే చాలు, పక్కింటి పిట్టగోడ మీంచి ప్రశ్న వచ్చిపడుతుంది: "ఏం పిన్నిగారూ, మనవడు ఇంకా మానలేదా?" వాడికి ఆరేళ్లు. మానడానికి అదేమన్నా బెల్లం దొంగతనమా? ఐదేళ్ల పిల్లల్లో నూటికి 15 మంది దాకా పక్క తడుపుతారు. రాత్రిపూట మూత్రం తక్కువ తయారయ్యేలా చూసే వాసోప్రెసిన్ హార్మోను కొందరిలో ఆలస్యంగా దారిలో పడుతుంది. సంచి నిండినా మెలకువ రాదు. పైగా ఇది వంశంలో వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉండి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం నూటికి 40 పైనే. వాడి మీద కసురుకోబోయిన మా అబ్బాయికి, రెండో తరగతిలో తన పక్క సంగతి గుర్తుచేశాను. మళ్లీ నోరెత్తలేదు.

వాడు స్కూలు నుంచి రాగానే నేను చూసేది టిఫిన్ డబ్బా కాదు, నీళ్ల సీసా. పొద్దున నింపింది నింపినట్టే ఉండేది. అడిగితే "బాత్రూం కంపు నానమ్మా" అన్నాడు. వెళ్లాల్సి వస్తుందని తాగడు, వచ్చినా బిగపట్టుకుంటాడు. ఇంటికొచ్చాక గటగటా తాగేసి పడుకుంటాడు. ఇక పక్క తడవక ఏమవుతుంది? దానికితోడు మలబద్ధకం. గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కి, అందులో చోటు తగ్గించేస్తుంది. అందుకే టీచరుతో మాట్లాడి ఇంటర్వెల్‌లో తప్పకుండా పంపించమన్నాం. భోజనాల వేళకు సీసా సగం ఖాళీ కావాలి. ఇంట్లో ఆకుకూర పప్పు, బొప్పాయి. పొద్దున టిఫినయ్యాక కాళ్ల కింద పీట వేసి కమోడ్ మీద కూర్చోబెడతాం. రాత్రి దాహమేస్తే రెండు గుక్కలు ఇస్తాం. నోరెండబెట్టడం నాకు నచ్చదు.

అర్ధరాత్రి భుజాన వేసుకెళ్లి పోయిస్తే పరుపు మిగులుతుంది కానీ, వాడు నేర్చుకునేదేం లేదు. అయినా వాళ్ల నాన్న చేస్తానంటే నేను వద్దనలేదు, ఉతుకుడు నాదే కదా!

ఏడేళ్లు దాటాక కూడా తగ్గకపోతే తడి తగలగానే మోగే అలారం ఉంది. ఫలితానికి రెండు మూడు నెలల ఓపిక పట్టాలి. డెస్మోప్రెసిన్ మాత్ర త్వరగా పనిచేస్తుంది, ఆపితే చాలామందికి మళ్లీ మొదటికొస్తుంది. అది డాక్టరు చెప్పినట్టే వాడాలి, వేసుకున్న రాత్రి నీళ్లు బాగా తగ్గించాలి.

ఆరు నెలలు పొడిగా పడుకున్న పిల్ల మళ్లీ మొదలుపెట్టినా, పగలు కూడా తడుపుకున్నా, మంటన్నా డాక్టరుకు చూపించాలి. విపరీతమైన దాహంతో పాటు బరువు తగ్గుతుంటే మర్నాటి దాకా ఆగకుండా, ఆ రోజే షుగర్ పరీక్ష చేయించాలి.