దారి తెలిసిన గన్నర్

అరకు రైలెక్కితే కిటికీ పక్కన కూర్చుని ఎదుటి కొండ ఎంత దూరం, ఎంత ఎత్తు అని లెక్క కట్టడం నాకు ఇప్పటికీ అలవాటే. ఆర్టిలరీలో పనిచేసి వచ్చినవాణ్ణి. బొర్రా దాటాక ప్రతి శిఖరమూ అబ్జర్వేషన్ పోస్టులాగే కనిపిస్తుంది.

మైదానంలో గుండు యాభై మీటర్లు తప్పితే దుమ్ము లేచినచోటు చూసి దిద్దుకుంటాం. కొండ వెన్ను మీద అదే యాభై మీటర్లు తప్పితే గుండు అవతలి లోయలో పడుతుంది, పొగ కూడా కంటపడదు. ఇక దేన్ని చూసి దిద్దాలి? ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడి గుండు మరింత దూరం పోతుంది. ఈ అరకు దారిలోని శిమిలిగుడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. కార్గిల్‌లోని టైగర్ హిల్ 5,000 మీటర్ల పైమాటే. 1999 కార్గిల్ యుద్ధంలో మన గన్నర్లు దాదాపు రెండున్నర లక్షల గుండ్లు పేల్చారు. పైకి పాకుతున్న మన జవాన్లకు కాస్త ముందే ఆ గుండ్లు పడాలి. లెక్క తప్పితే పోయేది మనవాళ్ల ప్రాణమే.

కంప్యూటర్ వచ్చి లెక్క తేలికైంది, నిజమే. దానికిచ్చిన అంకెలో తేడా ఉందని పసిగట్టే చూపు మాత్రం ఏళ్ల తరబడి గన్ల మధ్య గడిపితేనే వస్తుంది. దేవ్‌లాలీ ఆర్టిలరీ స్కూల్లో గన్నరీ కోర్సు చేసిన అధికారికి చెయ్యి తిరిగేసరికి బదిలీ వస్తుంది. పై ర్యాంకు కావాలంటే రకరకాల పోస్టింగులు చూసి రావాలి. అన్నీ తెలిసినవాడు అవసరమే, కాదనను. కానీ ఒక్కటే లోతుగా తెలిసినవాడు వెనకబడిపోవడం అన్యాయం.

అరకు రైలు నడిచే ఈ కొత్తవలస–కిరండూల్ లైన్‌నే చూడండి. ఎంత అనుభవమున్న లోకో పైలట్ అయినా ముందు ఈ ఘాట్ దారి నేర్చుకోవాలి. రైల్వేవాళ్లు దాన్ని రోడ్ లెర్నింగ్ అంటారు. కొన్ని నెలలు ఈ సెక్షన్‌కు దూరమైతే మళ్లీ నేర్చుకున్నాకే బండి అప్పగిస్తారు. సొరంగాలు, వంపులు, ఏటవాలు తెలియనివాడి చేతిలో ప్రయాణికుల్ని పెట్టరు.

ఫిరంగికీ ఆ నియమం రావాలి. గన్నరీ, రాడార్, డ్రోన్ నిఘా... ఎంచుకున్న దారిలోనే అధికారిని ఎదగనివ్వాలి. కొన్నేళ్లు స్టాఫ్ పనిలో ఉండి వచ్చినవాడు ఫైరింగ్ రేంజ్‌లో మళ్లీ పరీక్ష నెగ్గాకే రెజిమెంట్ పగ్గాలు పట్టాలి. దేవ్‌లాలీలో పాఠం చెప్పే గురువుకు ఆ పనిలోనే పై ర్యాంకు ఇవ్వాలి. సైన్యం పెద్దలకు ఒక పాత గన్నర్ విన్నపం ఇది.