లీ సోదరీమణుల చారిత్రకకథలు: ద్వికర్తృకతా విచారము

ఇద్దఱు గూడి యొక గ్రంథమును రచించుట యాంధ్రులకుఁ గ్రొత్త గాదు. నంది మల్లయ, ఘంట సింగనలు ప్రబోధచంద్రోదయమును, వరాహపురాణమును జంటగా రచించిరి. అందే పద్య మెవ్వరిదో విడఁదీయుట దుష్కరము. ఆంగ్లదేశమునఁ జారిత్రకకథలు వ్రాసిన సోఫియా లీ (1750–1824), హారియెట్ లీ (1757–1851) యను తోఁబుట్టువుల తెఱఁగు వేఱు. వారి కృతులందు నెవ్వరి భాగ మేదియో స్పష్టముగఁ దెలియును. కావుననే జంటరచన యననేమి యను ప్రశ్నను వారి గ్రంథములయందుఁ బరీక్షింప వీలగును.

1780లోఁ దాను రచించిన హాస్యనాటకము వలన వచ్చిన ధనముతో సోఫియా బాత్ పట్టణమున బాలికల పాఠశాలను స్థాపించెను. చెల్లెండ్రతోఁ గూడి దానిని నడపుచునే యామె కథలు వ్రాసెను.

ఇద్దఱి పేర వెలసినది 'కాంటర్‌బరీ టేల్స్' (1797–1805). మంచుచే దారి మూసికొనిపోవఁగా సత్రమున నిలిచిన ప్రయాణికులు తలకొక కథ చెప్పుట దీని కట్టడి. అయిదు సంపుటములలో పీఠికయు రెండు కథలును మాత్రమే సోఫియావి; తక్కినవి హారియెట్‌వి. ముప్పదేండ్ల యుద్ధమును నేపథ్యముగాఁ గొని, తండ్రి దోషము కుమారునియందుఁ బండుటను జూపిన 'క్రూట్జ్‌నర్' కథ హారియెట్‌దే. బైరన్ కవి దానినుండియే 1822లో 'వెర్నర్' నాటకమును గైకొనెను. ఇట్లు గుణము లున్నను గ్రంథమున కేకవాక్యత లేదు. పూలు వేఱు, దారము మాత్ర మొకటి.

సోఫియా యొక్కతయే రచించిన 'ది రిసెస్' (1783–85) ఇందులకు విపరీతము. స్కాట్లండు రాణి మేరీకి నార్ఫోక్ ప్రభువువలన రహస్యముగాఁ గవలలు పుట్టిరనియు, వారు శిథిలమఠముక్రింది గృహమునఁ బెరిగిరనియు నిందలి కల్పన. మెటిల్డా లెస్టర్ ప్రభువును రహస్యముగాఁ బెండ్లాడును. ఎల్లినర్ ఎసెక్స్ ప్రభువును వలచును. మెటిల్డా కన్నులకు లెస్టర్ ఉదాత్తుఁడు; ఎల్లినర్ కన్నులకు స్వార్థపరుఁడు. తోడికవల వ్రాఁత చేతికి రాఁగా మెటిల్డా తన కథయందే దానిని జేర్చినది. ఏది నిజమో గ్రంథకర్త్రి తీర్పు చెప్పలేదు.

మేరీ కిట్టి కుమార్తెలు లేరు గదా, యిది చరిత్రభంగము గాదా యని శంక. నార్ఫోక్ మేరీని బెండ్లాడఁదలఁచి 1569లో జెఱసాల పాలయిన మాటయు, 1572లో శిరచ్ఛేదము పొందిన మాటయు నిజములే. జరుగఁబోయి జరుగని యా వివాహమే కల్పనకు బీజము. రసానుగుణముగ నితివృత్తమును మార్చుట కానందవర్ధనుఁడే యనుమతి యిచ్చెను. అంతకంటె విశేషము: తల్లి ప్రాణమును గాచుకొనుటకై యెల్లినర్ తన జన్మవృత్తాంత మసత్యమని పత్రమున వ్రాలు చేయును. రాజశాసనము చెప్పునదెల్ల చరిత్రయేనా యని కథయే యెదురు ప్రశ్నించుచున్నది.

దోషములు లేకపోలేదు. మెటిల్డా జమైకా ద్వీపమునఁ బడిన పాట్లు అంగమునకు మితిమీఱిన విస్తారము గల్గించినవి. శోకము గూడ నెడతెగక, తఱచు పాఠకుని నలయించును. ఉన్మాదదశయందు వాక్యములు ముక్కలగు నెల్లినర్ భాగమే యీ విసువును దీర్చును.

జంటరచనకుఁ బేళ్ల సంఖ్య ప్రమాణము గాదు. ఒకదాని నొకటి దిద్దు రెండు దృష్టులు గ్రంథమున నుండవలెను. ఇద్దఱి పేర నున్న గ్రంథమునందది కొఱవడినది. ఒక్కతె పేర నున్నదానియందు నిండుగా నున్నది.