‘యొక్క’ ఎవరి మాట?

మన అభ్యుదయ రచనల్లో, ముఖ్యంగా అనువాదాల్లో, ఒక మాట అడుగడుగునా కాలికి అడ్డం పడుతున్నది. అది ‘యొక్క’. “రైతాంగం యొక్క సమస్యల యొక్క పరిష్కారం” వంటి వాక్యం లేని కరపత్రం అరుదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో రైతు నోట మాత్రం ఈ మాట వినబడదు. మరి ఏది ఎవరిదో అతడెట్లా చెప్పుకుంటాడు?

తెలుగులో స్వామ్యపు గుర్తు సొత్తు మీద పడదు, సొంతదారు మీద పడుతుంది. ఊరు ‘ఊరి చెరువు’లో ‘ఊరి’ అయింది. ఇల్లు ‘ఇంటి వాసాలు’, నాగలి ‘నాగటి చాలు’, చేయి ‘చేతి వేళ్ళు’. చెరువూ, వాసాలూ, చాలూ చెక్కుచెదరలేదు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి షష్ఠికి ‘యొక్క’ను చెప్పిన మాట నిజమే, ఈ ఔపవిభక్తికాలనూ ఆయనే వివరించాడు. మనవాళ్ళు మొదటిదాన్నే పట్టుకున్నారు. నల్లగొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి తన నవలకు ‘ప్రజల మనిషి’ అని పేరు పెట్టాడు. ‘ప్రజల యొక్క మనిషి’ అయివుంటే ఆ మనిషి ప్రజలకు ఎంత దూరమయ్యేవాడో!

అన్ని భాషలదీ ఒకే దారి కాదు. ఫార్సీ పద్ధతిలోని ‘షేర్-ఎ-కాశ్మీర్’లో ‘ఎ’ కాశ్మీరానికి గాక సింహానికి అతుక్కున్నది. ఉర్దూ ‘కా, కే, కీ’ సొంతదారు వెంటే నిలుస్తాయి గాని లింగవచనాలను సొత్తు నుంచి తెచ్చుకుంటాయి.

అయితే వ్యాకరణం సొంతదారును చూపుతుందే తప్ప, సొంతమంటే ఏమిటో చెప్పదు. వెట్టివాడు ‘మా దొర’ అనేవాడు. వ్యాకరణం ప్రకారం దొర వెట్టివాని సొత్తు! ఎవరు ఎవరి సొత్తో గడిలో అందరికీ తెలుసు.

ఇక్కడే ‘మా భూమి’ అనే పేరు గూర్చి ఆలోచించాలి. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు రాసిన ఆ నాటకానికి ‘మన భూమి’ అనే పేరు కూడా పెట్టవచ్చును. కాని ‘మన’లో వినేవాడు కలుస్తాడు, ‘మా’లో కలవడు. ‘మన’ అన్నట్లయితే దొరకు కూడా అందులో పీట వేసినట్లే. ‘మా’ అనటంతో దొర అవతలి పక్షమయినాడు. సూర్యాపేట ప్రాంతపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. అటువంటి వాని ఎదుట నిలబడి అనవలసిన మాట అది. ఉర్దూ ‘హమారీ’లో ఈ తేడా లేదు, ఇంగ్లీషులోనూ లేదు. కనుక ఆ పేరును అనువదించినవాడు ఆ పోరాటంలో సగం పోగొట్టుకుంటాడు.

సొత్తు పేరు చెప్పనక్కరలేనప్పుడు ఆ భారం కూడా సొంతదారు మాటే మోస్తుంది: “పట్టా ఆయనది, కాస్తు నాది.” దీన్ని ‘యొక్క’తో చెప్పబోతే వాక్యమే నిలవదు. 1950 హైదరాబాదు కౌల్దారీ చట్టం రక్షిత కౌలుదారును గుర్తించింది. పహాణీలో పట్టాదారుకొక గడి, అనుభవదారుకొక గడి ఉండేవి. 2020లో ధరణి వచ్చినప్పుడు ఆ రెండవ గడి తీసేశారు. 2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. ఆ మధ్య ఏళ్ళలో కౌలురైతు వాక్యంలో “పట్టా ఆయనది” అన్న సగమే కాగితానికెక్కింది.