బంతి లేనివాడి పరుగు

బాస్కెట్‌బాల్ చూసేవాళ్ల కళ్లు బంతి వెంటే పోతాయి. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పురుషుల జట్టు ఆట చూడాలంటే ఆ అలవాటు కాస్త మానుకోవాలి. అక్కడ బంతి పట్టుకున్నవాడు చాలాసార్లు నిలబడే ఉంటాడు. ఆట నడిపేది చేతిలో బంతి లేని మిగతా నలుగురు. 1996 మార్చిలో, అంతకుముందు ఏడాది జాతీయ చాంపియన్ అయిన యూసీఎల్‌ఏ జట్టును జాతీయ టోర్నమెంటు మొదటి రౌండ్‌లోనే ఇంటికి పంపింది ఆ నలుగురి పరుగులే. ఆ సీజన్ గురించి చెప్పాలంటే ముందు ఆ పద్ధతి గురించి చెప్పుకోవాలి.

దానికి పెద్దదిక్కు పీట్ కరిల్. పెన్సిల్వేనియాలోని బెత్లెహామ్ ఊరివాడు. స్పెయిన్ నుంచి వలస వచ్చిన తండ్రి అక్కడి ఉక్కు ఫ్యాక్టరీ కొలిమి దగ్గర దాదాపు నలభై ఏళ్లు పనిచేశాడు. బలవంతుడు బలహీనుడిది లాక్కుంటాడు గానీ, తెలివైనవాడు ఆ బలవంతుడి దగ్గరే రాబట్టుకుంటాడని ఆ తండ్రి కొడుక్కి చెబుతూ ఉండేవాడట. కరిల్ మనిషి పొట్టి. 1967 నుంచి 1996 దాకా ప్రిన్స్‌టన్‌లో 29 సీజన్లు కోచ్‌గా ఉండి 514 మ్యాచ్‌లు గెలిపించాడు, ప్రిన్స్‌టన్ ఆడే ఐవీ లీగ్‌లో 13 టైటిళ్లు తెచ్చాడు. అదంతా ఒక్క స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ కూడా ఇవ్వకుండానే. ఐవీ లీగ్ కాలేజీలు ఆట చూసి ఫీజు మాఫీ చేయవు. కాబట్టి ఎగిరి రింగు అందుకునే ఏడడుగుల కుర్రాళ్లు సాధారణంగా అటు తిరిగి చూడరు. వచ్చేవాళ్లు చదువులో సీటు తెచ్చుకోగలిగినవాళ్లు, కాస్త నిదానమైన కాళ్లవాళ్లు. ఉన్నవాళ్లతోనే ఆడాలి గనుక, ఆ కాళ్లకు తగ్గ ఆటను కరిల్ తీర్చిదిద్దాడు. లఫాయెట్ కాలేజీలో తనకు కోచ్‌గా ఉన్న బుచ్ వాన్ బ్రెడా కాల్ఫ్ దగ్గర నేర్చుకున్నదే దానికి పునాది.

సాధారణంగా జట్టులో అందరికంటే పొడుగువాడు, అంటే సెంటర్, రింగు కిందే తిష్ట వేస్తాడు. ప్రిన్స్‌టన్ సెంటర్ అక్కడ ఉండడు. ఫ్రీ త్రో లైన్ దగ్గరికి, ఒక్కోసారి ఇంకా బయటికి వచ్చేస్తాడు. అతన్ని కాపలా కాసే ఎదుటి పొడుగువాడు కూడా వెంట రాక తప్పదు. దాంతో రింగు ముందున్న జాగా అంతా ఖాళీ అవుతుంది. ఇక బంతి సెంటర్ చేతికొస్తే చాలు, అతనికి కోర్టంతా కనిపిస్తుంది. కరిల్‌కి కావలసింది ఎగిరే సెంటర్ కాదు, చూడగలిగిన సెంటర్.

ఇప్పుడు కాపలా కాసేవాడి వైపు నుంచి ఆలోచించండి. నువ్వు కాపలా కాస్తున్న ఆటగాడు పక్కవైపున పాస్ కోసం నిలబడ్డాడు. నువ్వు వెనక్కి తగ్గి ఉంటే అతను బంతి అందుకుని మూడు పాయింట్ల షాట్ కొడతాడు. 1986-87లో కాలేజీ ఆటలోకి మూడు పాయింట్ల గీత వచ్చాక ఈ భయం రెట్టింపైంది, ఎందుకంటే ప్రిన్స్‌టన్‌లో సెంటర్‌తో సహా అందరూ బయటి నుంచి కొట్టగలిగినవాళ్లే. పోనీ పాస్ ఆపుదామని ముందుకు జరిగి చెయ్యి అడ్డం పెట్టావనుకో, ఆ క్షణంలోనే అతను నీ వీపు వెనక నుంచి రింగు వైపు ఉరుకుతాడు. దాన్నే బ్యాక్‌డోర్ కట్ అంటారు. కబడ్డీలో రెయిడర్ మీదికి తొందరపడి దూకినవాడు మళ్లీ వెనక్కి తమాయించుకోలేడు చూడండి, ఇక్కడా అంతే. ముందుకు పడిన బరువును వెనక్కి తిప్పుకునేలోపు రెండు పాయింట్లు అయిపోతాయి.

అందుకే ఇందులో ముందుగా బట్టీపట్టిన ఎత్తుగడలు తక్కువ, గుర్తులు ఎక్కువ. ఇప్పుడు నువ్వు ప్రిన్స్‌టన్ ఆటగాడివి అనుకో. సహచరుడు బంతిని డ్రిబుల్ చేస్తూ నీ వైపే వస్తున్నాడంటే నువ్వు చోటు ఖాళీ చేసి రింగు వైపు పరుగెత్తాలని అర్థం. కాపలావాడి తల బంతి వైపు తిరిగిందంటే నువ్వు కదలాల్సిన క్షణం వచ్చిందని అర్థం. పాస్ ఎక్కువగా నేలకు కొట్టి ఇస్తారు. పాస్ ఆపేవాడి చేతులు పైన ఉంటాయి కదా, కిందికి వంగేలోపు బంతి దాటిపోతుంది, నేల మీంచి లేచి పరుగెత్తేవాడి నడుము దగ్గరికి సరిగ్గా అందుతుంది. ఒక్క అడుగు ముందిచ్చినా, ఆలస్యంగా ఇచ్చినా పాస్ దండగే. ఇచ్చేవాడు, అందుకునేవాడు ఒకే గుర్తును ఒకే సమయంలో చదవాలి. అది నోటితో చెబితే వచ్చేది కాదు. నెలల తరబడి ప్రాక్టీసులో కలిసి పరుగెత్తితే వస్తుంది.

దీన్ని నత్తనడక ఆట అని వెక్కిరించినవాళ్లు చాలామంది. నాకది అన్యాయంగా తోస్తుంది. నిదానించేది స్కోరుబోర్డే. కాళ్లు ఒక్క సెకను కూడా ఆగవు. కాలేజీ ఆటలో షాట్ క్లాక్, అంటే షాట్ కొట్టడానికి ఇచ్చే గడువు, అప్పట్లో మొదట 45 సెకన్లు, 1993-94 నుంచి 35 సెకన్లు ఉండేది. ఉన్న సమయమంతా వాడుకోవడంలో ఒక లెక్క ఉంది. మ్యాచ్‌లో మొత్తం అవకాశాలు తగ్గినకొద్దీ బలమైన జట్టుకు తన బలం చూపించే సందర్భాలు తగ్గుతాయి. 1989 మార్చి 17న దేశంలో అగ్రశ్రేణి జట్టు జార్జ్‌టౌన్‌ని ప్రిన్స్‌టన్ హాఫ్ టైమ్‌కి 29-21తో వెనక్కి నెట్టి, చివరికి 50-49తో ఒక్క పాయింటు తేడాతో ఓడింది. చిన్న లీగ్‌లకు జాతీయ టోర్నమెంటులో నేరుగా చోటెందుకు అన్న వాదన ఆ రాత్రితో చాలావరకు చల్లబడింది.

ఇక 1995-96. అప్పట్లో ఐవీ లీగ్‌లో చివర టోర్నమెంటు ఉండేది కాదు. పద్నాలుగు మ్యాచ్‌ల పట్టికలో పైన ఉన్నవాళ్లే జాతీయ టోర్నమెంటుకు వెళ్లేవాళ్లు. మ్యాచ్‌లు ఎక్కువగా శుక్ర, శనివారాల్లో వెంటవెంటనే. శుక్రవారం ఇంకెవరితోనో ఆడి శనివారం ప్రిన్స్‌టన్‌ని ఎదుర్కోవాల్సిన జట్టుకు ఈ వింత ఆటకు సిద్ధపడడానికి ఒక్క రాత్రే దొరికేది. ఈ పద్ధతి తిరకాసులన్నీ తెలిసిన ప్రత్యర్థి ఒకటుంది, పెన్ (పెన్సిల్వేనియా యూనివర్సిటీ). వరసగా ఎనిమిది సార్లు ప్రిన్స్‌టన్‌ని ఓడించింది. అందులో ఎనిమిదోది ఆ ఏడాది లీగ్ చివరి మ్యాచ్, అది గెలిచి పట్టికలో సమం చేసింది. దాంతో ఒక్క ప్లే ఆఫ్ మ్యాచ్ పెట్టారు, కరిల్ పుట్టిన బెత్లెహామ్‌లోనే. అదనపు సమయంలో 63-56తో ప్రిన్స్‌టన్ గెలిచింది. ఆ రాత్రి లాకర్ రూమ్‌లో బోర్డు మీద, రిటైర్ అవుతున్నానని, చాలా సంతోషంగా ఉన్నానని కరిల్ రాశాడు.

జాతీయ టోర్నమెంటులో, మార్చి 14న ఇండియానపొలిస్‌లో, ఎదురుగా యూసీఎల్‌ఏ. ఇంకో ఆరు నిమిషాలున్నాయనగా 41-34తో యూసీఎల్‌ఏదే పైచేయి. ఆ తర్వాత ఆ జట్టుకు ఒక్క పాయింటు కూడా రాలేదు. స్కోరు 41-41. బంతి సెంటర్ స్టీవ్ గుడ్రిచ్ దగ్గర. మొదటి సంవత్సరం కుర్రాడు గేబ్ లెవులిస్ రింగు వైపు కట్ చేశాడు. కాపలా ఉన్న చార్ల్స్ ఓబానన్ దాన్ని ముందే పసిగట్టాడు, పాస్ రాలేదు. లెవులిస్ మళ్లీ బయటికి వచ్చాడు. ఓబానన్ కూడా వెంటే వచ్చాడు. అలా బయటికి వచ్చిన ఆ అడుగే ప్రిన్స్‌టన్‌కు కావలసింది. లెవులిస్ తిరిగి వెనక నుంచి దూసుకుపోయాడు, గుడ్రిచ్ నేలకు కొట్టి ఇచ్చాడు, బంతి బోర్డుకు తగిలి నెట్‌లో పడింది. 3.9 సెకన్లు మిగిలాయి. యూసీఎల్‌ఏ చివరి షాట్ తప్పింది.

రెండు రోజుల తర్వాత మిసిసిపీ స్టేట్ చేతిలో 63-41తో చిత్తుగా ఓడిపోయారు. ఈ పద్ధతి మంత్రం కాదు. బయటి షాట్లు పడకపోతే కాపలావాళ్లు ముందుకు రానక్కర్లేదు, ముందుకు రాకపోతే వెనక తలుపు తెరుచుకోదు.

కరిల్ ఆ తర్వాత శాక్రమెంటో కింగ్స్‌లో అసిస్టెంట్ కోచ్‌గా చేరాడు. వ్లాడె డివాచ్, క్రిస్ వెబర్ లాంటి పొడుగువాళ్లు హై పోస్టులో, అంటే ఫ్రీ త్రో లైన్ దగ్గర, నిలబడి పాస్‌లిస్తుంటే ఆ జట్టు 2001-02లో 61 మ్యాచ్‌లు గెలిచింది. 2022 ఆగస్టులో ఆయన 92 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆరేడు నెలలకే, 2023 మార్చిలో, ప్రిన్స్‌టన్ 15వ సీడ్‌గా దిగి ఆరిజోనాని 59-55తో, తర్వాత మిజోరీని 78-63తో ఓడించి చివరి పదహారులోకి వెళ్లింది. కోచ్ మిచ్ హెండర్సన్, 1996లో యూసీఎల్‌ఏని ఓడించిన రాత్రి కోర్టులో ఉన్న కుర్రాడే. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్‌కి ప్రిన్స్‌టన్ ఎంతో దూరం కాదు. పిల్లలకు క్యాంపస్ చూపించడానికి తీసుకెళ్లేవాళ్లు చలికాలంలో ఒక శనివారం సాయంత్రం జాడ్విన్ జిమ్‌లో ఆట కూడా చూపించాలని నా కోరిక.

త్వరగా చూపించాలి కూడా. కాలేజీ ఆటగాళ్లు ఇప్పుడు సులువుగా కాలేజీ మారవచ్చు, డబ్బూ తీసుకోవచ్చు. ఐవీ కాలేజీలు మాత్రం ఆటగాళ్లకు ఆదాయంలో వాటా ఇచ్చే ఒప్పందంలో చేరబోమని 2025లో చెప్పేశాయి. అదే ఏడాది ప్రిన్స్‌టన్ ప్రధాన ఆటగాళ్లలో ఒకడైన జేవియన్ లీ మూడేళ్లు ఆడి, నాలుగో ఏడు ఫ్లోరిడాకు వెళ్లిపోయాడు. అతన్ని తప్పుపట్టలేం. కానీ చుట్టూ తెలిసినవాళ్లుంటే కొత్తవాడు ఒక్క చలికాలంలో ఈ ఆట నేర్చుకోగలడని లెవులిస్ చూపించాడు. ఆ తెలిసినవాళ్లే నాలుగో ఏటికి ఉండకపోతే కొత్తవాడికి ఎవరు నేర్పాలన్నదే ఇప్పుడు హెండర్సన్ ముందున్న చిక్కు.